సరుకు వద్దనేది ఎవరు?

అందరికీ నమస్కారమండీ. రొయ్యల ఫ్యాక్టరీల వాళ్ళు, అందులో తలలు తీసే ఆడవాళ్ళు, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లేవాళ్ళు, కోనసీమ నుంచి కొబ్బరి పీచు పనివాళ్ళు, అందరూ ఒకే షామియానా కింద కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. మీరంతా నన్ను అడిగేది ఒకటే కాబట్టి.

పనివాళ్ళేమో, "మాకు నెల జీతం లేదండీ, కిలో లెక్కన ఇస్తారు. మమ్మల్ని ఉద్యోగులంటారా?" అని అడుగుతారు. యజమానులేమో, "పీస్ రేటు వాళ్ళకి పీఎఫ్ ఏమిటండీ?" అంటారు.

దీనికి సుప్రీంకోర్టు 1973లోనే జవాబు చెప్పింది. అది మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే, సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు. అక్కడి దర్జీలకు కుట్టిన బట్టకింత అని ఇచ్చేవారు. ఇన్ని గంటలకు రావాలన్న నియమం లేదు. కొన్నిసార్లు గుడ్డ ఇంటికి తీసుకెళ్ళి కుట్టుకొచ్చేవారు కూడా. అయితే షాపులో మిషన్లు యజమానివి. కుట్టు బాగోలేకపోతే వద్దని తిప్పి ఇచ్చేదీ ఆయనే. అలా వద్దనే అధికారం ఉందంటే పని ఆయన అదుపులో ఉన్నట్టేనని, వాళ్ళు ఉద్యోగులేనని కోర్టు తేల్చింది.

నా మటుకు నాకు, కార్మిక చట్టంలో ఇంత సూటి ప్రశ్న ఇంకోటి కనపడదు. సరుకు వద్దనేది ఎవరు? 1985లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళ విషయంలోనూ కోర్టు ఈ దారినే వెళ్ళి, వాళ్ళకూ పీఎఫ్ ఇవ్వాలంది. లేసు అల్లే అమ్మలకు ఇది దానంతటదే వర్తించదు. దారం ఎవరిస్తున్నారు, డిజైను ఎవరు చెబుతున్నారు, అల్లిక బాగోలేదని ఎవరు వెనక్కి ఇస్తున్నారు, ఇవన్నీ చూసి తేల్చాలి. అందుకే ఏజెంటు రాసిచ్చే చిన్న చీటీ కూడా పారేయకండమ్మా.

ఇక కూలీలను తెచ్చి పెట్టే మేస్త్రీల సంగతి. "నాకు తెలియదు, మేస్త్రీని అడుగు" అనే మాట ఇక్కడ రోజూ వింటాం. 1978లో కేరళలోని ఒక తాళ్ళ ఫ్యాక్టరీ యజమాని కోర్టులో చెప్పిందీ అదే. పనివాళ్ళు కాంట్రాక్టర్ల మనుషులన్నాడు. వాళ్ళ చెమటతో నడిచేది ఎవరి వ్యాపారమో వాళ్ళే అసలు యజమాని అన్నారు సుప్రీంకోర్టు జడ్జీ జస్టిస్ కృష్ణయ్యర్. పీచు పనివాళ్ళు ఈ తీర్పు గుర్తుపెట్టుకోవాలి.

1982 నాటి ఏషియాడ్ కేసు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఢిల్లీలో ఆటల కోసం కట్టడాలు కట్టిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావాలి. అందులో రూపాయి, వాళ్ళను పనికి తెచ్చిన జమాదారు కోసుకునేవాడు. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టి చాకిరీయేనంది సుప్రీంకోర్టు. ఆ రూపాయి మన దగ్గర ఇంకా కోతకు గురవుతూనే ఉంది.

యజమానులు నన్ను అపార్థం చేసుకోకండి. కాంట్రాక్టు పెట్టుకోవడం తప్పు కాదు. కాంట్రాక్టు కూలీలను పెట్టకూడదని ప్రభుత్వం నిషేధించిన పనిలో వాళ్ళను పెట్టినా, అంతమాత్రాన వాళ్ళు కంపెనీ మనుషులైపోరని 2001లో ప్రభుత్వ ఉక్కు కంపెనీ స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనమే చెప్పింది. కాంట్రాక్టు ఒట్టి కాగితమైతేనే చిక్కు. హాజరు మీరే వేసి, పని మీరే చెప్పి, రేపు రావద్దని కూడా మీరే అంటుంటే ఆ కాగితం మిమ్మల్ని కాపాడదు. 2019 తీర్పు ఒకటి కూడా చూసుకోండి. అందరికీ ఒకేలా నెలనెలా ఇచ్చే అలవెన్సును పేరు మార్చి పీఎఫ్ లెక్కలోంచి తప్పించడం కుదరదని అందులో సుప్రీంకోర్టు చెప్పింది. పాత బకాయిలన్నీ ఒక్కసారి మీద పడితే ఆ టెన్షన్ చిన్న ఫ్యాక్టరీ తట్టుకోలేదు.

చీటీలు, హాజరు పుస్తకాలు తెమ్మన్నాను కదా, బయటికి తీయండి. ముందు వరసలో ఉన్న అమ్మగారితో మొదలుపెడదాం.