రెండు గెడ్డలు కలిసే చోటు

శ్రోతలందరికీ నమస్కారం.

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరిప్రదక్షిణకి మన విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి బస్సులు, ఆటోలు నిండిపోయి జనం వెళ్తారు కదా. 32 కిలోమీటర్లు, రాత్రంతా, వానలో తడుస్తూ, చెప్పులు లేకుండా, అరవై దాటిన అమ్మలు కూడా నడిచేస్తారు. మా అమ్మ కూడా చాలాసార్లు నడిచింది. అంటే బయల్దేరిన చోటికే చుట్టూ తిరిగి రావడం మన కాళ్లకి అలవాటైన పనే. అలాంటి నడకే, కాకపోతే చాలా చిన్నది, తొమ్మిది పది కిలోమీటర్లు ఉంటుందేమో, గంట్యాడ మండలంలో తాటిపూడి రిజర్వాయర్ పక్కన నేను పదిహేనేళ్లుగా నడుస్తున్నాను. ఈ రోజు దాని గురించి చెబుతాను.

రిజర్వాయర్ మొత్తం చుట్టి రావడం కాదిది, అది ఒక్క పూటలో అయ్యే పని కాదు. మా మేనత్త వాళ్ల ఊళ్లో రామమందిరం దగ్గర మొదలుపెడతాను. ఊరి చెరువు గట్టెక్కి, జీడి తోటల్లోంచి కొండ వారకి వెళ్లి, అక్కడ అడవిలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, పట్టుకుని రిజర్వాయర్ ఒడ్డుకి దిగుతాను. ఒడ్డు వెంబడి ఓ గంట నడిచి, ఇంకో చిన్న బంద, అంటే చెరువులాంటి నీటిగుంట, పక్క నుంచి మళ్లీ ఊళ్లోకి వచ్చేస్తాను. వెళ్లిన దారిలో తిరిగి రావడం ఉండదు, నాకు ఈ నడకలో నచ్చేది అదే.

చెరువు గట్టు మీద ఎక్కువసేపు ఆగను, ఎండ ముదిరేలోపు తోటలు దాటాలి. మదుము, అంటే చెరువు తూము, దగ్గర మాత్రం ఒక ఈతచెట్టు నీళ్లమీదికి వంగి ఉంటుంది, దానికి గిజిగాడి గూళ్లు పదో పన్నెండో వేలాడుతుంటాయి. పిట్టలు వానాకాలంలో కట్టుకున్నవి, సంక్రాంతి నాటికి ఎండిపోయి ఖాళీ అయిపోయినా గాలికి ఊగుతూనే ఉంటాయి, ఒక్కటీ తెగి పడదు.

ఆ తర్వాత జీడి తోటలు. పండగ వెళ్లాక, మాఘమాసంలో వెళ్లండి. పూత మీదుంటే ఆ వాసన తోటలో అడుగు పెట్టకముందే తెలుస్తుంది, తియ్యగా, కొంచెం ఘాటుగా. ఒక రెమ్మ కిందికి వంచి దగ్గరగా చూడండి. వేలి గోరంత కూడా ఉండదు పువ్వు, విచ్చుకున్నప్పుడు తెల్లగా ఉండి, రేకుల మీద సన్నని గులాబి గీతలు ఉంటాయి, ఒకటి రెండు రోజులకి రేకులన్నీ ఎర్రబడి వెనక్కి ముడుచుకుంటాయి. ఒకే గుత్తిలో తెల్లవీ ఎర్రవీ పక్కపక్కనే ఉంటాయి, వాటి మధ్యలోనే ఆవగింజంత పచ్చటి పిందె. అదే తర్వాత పిక్క అవుతుంది, పండు దాని వెనకాల ఉబ్బుతుంది. జీడిమామిడి మన చెట్టు కాదు, పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చినది. ఇప్పుడు మన రెండు జిల్లాల్లో అది లేని మెట్ట ఎక్కడుంది చెప్పండి?

అయితే ఆ చెట్టుకి వేళ్లు లోతుకి పోవు అంటారు మా మేనత్త వాళ్ల ఊరివాళ్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక నేను వెళ్తే తోటంతా పక్కకి ఒరిగిపోయి ఉంది, వేళ్లు ఆకాశం వైపు. నాలుగేళ్లకి 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరిని, జీడిని ఎలా పడగొట్టిందో మీలో చాలామంది కళ్లారా చూసే ఉంటారు. పడిన చెట్టుని చూసిన రైతుకి నేను చెప్పగల మాట అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

హుద్‌హుద్ తర్వాత వేసవిలోనే నేను దారి తప్పాను. అంతకుముందు నాకు గుర్తుగా ఉన్న చెట్లన్నీ పోయాయి, కొట్టేసిన మొద్దుల మధ్య దారులు నాలుగైదు పుట్టుకొచ్చాయి. ఏదో ఒకటి పట్టుకుని కొండ పైకి వెళ్లిపోయాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు, బాటిల్‌లో నీళ్లు అయిపోయాయి, పొద్దు కొండ మీదికి వాలిపోతోంది. నిజంగా టెన్షన్ పడ్డాను. అప్పుడు మేకల మందతో ఒక పెద్దాయన ఎదురయ్యాడు. "ఏటి బాబూ, ఇటెక్కడికెల్తన్నారు?" అన్నాడు. రిజర్వాయర్‌కి దారేది తాతా అని అడిగాను. ఆయన చెయ్యి చూపించలేదు. "గెడ్డ సప్పుడు ఇనబడ్తందా? దాన్నొట్టుకుని దిగిపోండి. నీరెక్కడికెల్తే మీరూ అక్కడికే" అన్నాడు. విన్నాను. నిజమే, ఎడమ పక్క లోయలోంచి నీళ్ల చప్పుడు, చాలా సన్నగా. అది వేసవి అని మళ్లీ గుర్తుచేస్తున్నాను, ఊరి చెరువు అప్పటికే అడుగంటింది.

ఆ గెడ్డ వెంటే దిగాను, ఇప్పటికీ ఆ దారినే దిగుతాను. రెండు పక్కలా ఏరుమద్ది, నేరేడు, పైన ఇప్పచెట్లు. కింద ఆకులు అడుగు మందాన పరుచుకుని ఉంటాయి, కాలు వేస్తే మెత్తగా దిగబడుతుంది. ఒకసారి కూర్చుని ఆ ఆకుల్ని చేత్తో పక్కకి తోసి చూశాను. పైన ఎండుటాకులు, వాటి కింద సగం కుళ్లినవి, ఆ కింద నల్లటి మట్టి, పిడికిట్లో పట్టుకుని నొక్కితే వేళ్ల సందుల్లోంచి తడి బయటికొచ్చింది. వాన పడి నెలలు దాటినా అంత తడి! ఆ తడే కొంచెం కొంచెంగా ఊరుతూ గెడ్డ అవుతోంది. నాకు పుస్తకంలో చదివినప్పుడు అర్థం కానిది ఆ పిడికెడు మట్టితో అర్థమైంది.

చెట్లు పలచబడతాయి, ఒక్కసారిగా ఎదురుగా నీళ్లు. గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర నుంచి వచ్చి, ఇక్కడ ఆగి, తర్వాత భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది మీద 1963లో మొదలుపెట్టి 1968కి ఈ ఆనకట్ట కట్టారు. నిండు మట్టం సముద్రమట్టం నుంచి 297 అడుగులు, నిలవ సుమారు 3 టీఎంసీలు. టీఎంసీ అంటే పేపర్లో రోజూ చదువుతాం గానీ ఎంతో ఊహకి రాదు. ఒక్క టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. మన వైపు పదిహేను వేల ఎకరాలకి సాగునీరు, విశాఖపట్నానికి తాగునీరు ఇవ్వడానికని కట్టిన ప్రాజెక్టు ఇది. విశాఖలో కుళాయి తిప్పే మా అన్నయ్యకి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. తర్వాత ఒకసారి తీసుకొచ్చి ఈ గెడ్డ చూపించాను, చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయాడు.

ఒడ్డు వెంబడి నడుస్తుంటే లకుముకి పిట్టలు, నీటికాకులు కనిపిస్తాయి. నీళ్లు వెనక్కి తగ్గిన చోట బురద నెర్రెలిచ్చి ఉంటుంది, దాని మీద గేదెల గిట్టలు, కొంగల వేళ్లు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఆ బురదలోకి దిగొద్దు, పైన గట్టిగా కనిపించినా లోపల మోకాలి దాకా లాగేస్తుంది. ఈతకి అసలు దిగొద్దు.

ఇలా ఓ అరగంట నడిస్తే ఇంకో గెడ్డ వస్తుంది. నా నడకలో అన్నిటికన్నా ఎక్కువసేపు నేను ఆగేది ఇక్కడే. దీనికి పైన ఉన్న వాలు మీద చెట్లు ఎప్పుడో కొట్టేశారు, బోడిగా ఉంటుంది. ఒక ఏడాది జూన్‌లో తొలి వాన కురిసిన మర్నాడు వెళ్లాను. అడవిలోంచి నేను దిగి వచ్చిన గెడ్డ కొంచెం పెరిగింది గానీ అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ఈ రెండోది ఇటుక రంగులో, నురగలు కక్కుతూ వచ్చి పడుతోంది. ఒకే కొండ, ఒకే వాన. రెండు నీళ్లూ రిజర్వాయర్‌లో కలిసే చోట ఎర్రటి గీత ఒకటి చాలా దూరం లోపలికి వెళ్లింది. ఆ ఎర్రదనమంతా మట్టే, నీళ్లు నిలిచాక అడుగున పేరుకుంటుంది. మట్టి ఎంత పేరుకుంటే నీటికి అంత చోటు తగ్గుతుంది. సంక్రాంతికి వెళ్తే రెండో గెడ్డలో చుక్క ఉండదు, మొదటిది పారుతూనే ఉంటుంది.

గట్టు మీద నుంచి చూసి వెళ్లిపోతే ఇది కనబడదండీ. ఆదివారం కార్లలో వచ్చినవాళ్లు ఆనకట్ట మీద ఫొటోలు తీసుకుని, కొందరు ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడే వదిలేసి, గంటలో తిరుగుముఖం పడతారు. వాళ్లని తప్పుపట్టి ఏం లాభం, వెనకాల అడవి ఉందని, ఈ నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయని వాళ్లకి ఎవరు చెప్పారు? పిల్లల్ని తీసుకెళ్లండి. ఒక్క తొలకరి మర్నాడు ఈ రెండు గెడ్డల దగ్గర నిలబెట్టండి, పాఠం మీరు చెప్పక్కర్లేదు.

వెళ్లేవాళ్లు తెల్లారి ఆరింటికే బయల్దేరండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకోండి. ఒక్కరూ వెళ్లొద్దు, ఊళ్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో జీడి కోత నడుస్తుంటుంది, తోటలోంచి వెళ్లేముందు రైతుని ఒక మాట అడగండి, రాలిన పిక్కని ముట్టుకోవద్దు. దాని తొక్కలో నూనె చేతికి అంటితే బొబ్బలెక్కుతుంది, పైగా అది ఆయన కష్టం.

చివర్లో వచ్చే బంద చాలా చిన్నది, వేసవిలో గేదెలు పడుకుంటే నీళ్లు కనబడవు. దాని పక్క నుంచి పది నిమిషాలు నడిస్తే రామమందిరం. నేను చేరేసరికి మా మేనత్త అరుగు మీద చెంబుతో నీళ్లు పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కాళ్లు కడుక్కున్నాక ఎప్పుడూ ఒక్కటే అడుగుతుంది, "గెడ్డ పారతందేట్రా?" అని. పోయిన నెల వెళ్లినప్పుడు కూడా, "పారతంది అత్తా" అనే చెప్పాను.

నమస్కారం.