పలచగా రాయండి, పూర్తిగా తుడవండి

సభాధ్యక్షులకూ, పెద్దలకూ, పేల్చిన తూటాల ఖాళీ తొడుగుల్ని మళ్లీ నింపే రీలోడింగ్ పని ఈ మధ్యే మొదలుపెట్టిన మిత్రులకూ నమస్కారం. నన్ను మాట్లాడమన్నది రీలోడింగ్ పనులన్నిటి గురించీ. కానీ ఇత్తడి కేసుకు, అంటే ఆ తొడుగుకు, లూబ్ అనే జారుడు జిడ్డు రాయడం దగ్గరే నా సమయం అయిపోయేలా ఉంది. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు.

ఒకసారి పేల్చిన కేసు, తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ కొలతకు ఉబ్బి ఉంటుంది. పాత సైజుకు తేవడానికి ప్రెస్ అనే చేతి యంత్రంతో ఉక్కు డైలోకి, అంటే అచ్చులోకి, నొక్కుతాం. దీన్నే సైజింగ్ అంటాం. మధ్యలో పలచని లూబ్ పొర లేకపోతే కేసు పట్టేస్తుంది. ప్రెస్ హ్యాండిల్ బలంగా లాగారా, అడుగు అంచు చిరిగి ఊడొస్తుంది, కేసు లోపలే ఉండిపోతుంది. ఇక దాని అడుగున డ్రిల్ చేసి, మరలు కోసి, స్క్రూ బిగించి లాగాల్సిందే.

ఆ భయంతోనే కొత్తవాళ్లు లూబ్ దట్టంగా పట్టిస్తారు. వాళ్లను నేనేమీ అనను. ‘ఎక్కువైనా నష్టం లేదులే’ అని నేర్పినవాళ్ల మీదే నా కోపం! మొన్న ఒక కుర్రాడు సంచి నిండా కేసులు పట్టుకొచ్చాడు. మెడ కింద వాలుగా ఉండే భుజం మీద అన్నిటికీ సొట్టలే. డై పాడైందనుకుని కొత్తది కొనబోతున్నాడు. విప్పి చూస్తే, గాలి పోయే సన్నని రంధ్రం జిడ్డుతో పూడుకుపోయి ఉంది. జిడ్డుకు బయటికి దారి లేకపోతే ఇత్తడే లోపలికి నొక్కుకుపోతుంది. డై శుభ్రం చేసి, లూబ్ తగ్గించాక సొట్టలు ఆగిపోయాయి.

వేళ్లకు కాస్త సైజింగ్ వ్యాక్స్, అంటే మైనంలాంటి లూబ్, అంటించుకుని కేసు ఒంటిని తిప్పండి. అడుగు వైపు మరిచిపోకండి, ఎక్కువగా పట్టేసేది అక్కడే. భుజానికి వద్దు. చేతికి జారుడు తెలియాలి, కంటికి తడి కనిపించకూడదు. లానోలిన్ అనే గొర్రె ఉన్ని జిడ్డు, ఆల్కహాల్ కలిపిన స్ప్రే అయితే ఆల్కహాల్ ఆరేదాకా ఆగండి. మెడ లోపల బ్రష్‌తో కాస్త పొడి గ్రాఫైట్ చాలు. అదీ లేకపోతే, మెడను లోపలినుంచి సరిచేసే ఎక్స్‌పాండర్ బయటికొచ్చేటప్పుడు కీచుమంటూ మెడను సాగదీస్తుంది. తిన్నగా ఉండే పిస్టల్ కేసులకు కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థపు డైతో లూబ్ లేకున్నా నడుస్తుంది. మెడ సన్నబడే రైఫిల్ కేసుకు కార్బైడ్ డై ఉన్నా లూబ్ తప్పదు.

వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా ఈ మాట వినండి. సైజింగ్ అయ్యాక ఆ జిడ్డంతా పోవాలి. పేలినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ గోడను పట్టుకుంటుంది, వెనక్కి తన్నే బలంలో కొంత ఆ పట్టే ఆపుతుంది. జిడ్డుంటే పట్టు జారి, ఛాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్ మీద భారం పెరుగుతుంది. ఆ బోల్ట్ వెనకే కదా మీ ముఖం ఉండేది! లోపల మిగిలిన జిడ్డు, నిప్పు రాజేసే ప్రైమర్‌నీ, తూటా మందు అయిన పౌడర్‌నీ పాడుచేస్తుంది. నూనె రాసిన తూటా సాఫీగా పోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి, దయచేసి నమ్మకండి.

తుడవడానికి అమ్మోనియా ఉన్న పాలిష్ మాత్రం వాడొద్దు. బ్రిటిష్ కాలంలో ఇండియాలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల కేసులు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియాయే కారణమని 1921లో తేల్చారు. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ చాలు, లేదా సబ్బు కలిపిన వేడినీళ్లలో కడిగి లోపలిదాకా ఆరనివ్వండి.

పక్క బల్ల మీద ప్రెస్, వ్యాక్స్, ఖాళీ కేసులు పెట్టించాను. టీకి వెళ్లేముందు ఒక్కొక్కరూ ఒక కేసుకు లూబ్ రాసి, నొక్కి, తుడిచి నాకు చూపించండి. వేలితో తడిమి చూస్తాను. జిడ్డు తగిలితే మళ్లీ తుడిపిస్తాను.