వికీ ప్రాజెక్టుల్లో మార్కులు పేజీకి కాదు, మార్పుల చరిత్రకు వేయండి

పెద్దలకు, సాటి అధ్యాపకులకు నమస్కారం. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీ (చదివేవాళ్లే దిద్దగలిగే వెబ్ పేజీలు) పెట్టిన నాటి నుంచి మొదలుపెట్టమన్నారు. అది మీకు తెలిసిందే, నేరుగా పనిలోకి వస్తాను.

ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడల్ సాఫ్ట్‌వేర్‌లో వికీ పెట్టేటప్పుడు ‘కొలాబరేటివ్’ (అందరూ కలిసి రాసేది) ఎంచుకోండి. ‘ఇండివిడ్యువల్’ (ఎవరిది వాళ్లకే) అని సేవ్ చేశారంటే ఇక మారదు, కొత్తది పెట్టుకోవాల్సిందే. జట్టుకు నలుగురు చాలు. ఒకరు దిద్దుతున్నంతసేపు మూడల్ ఆ పేజీకి తాళం వేస్తుంది. కాబట్టి ‘కాకతీయుల చెరువులు’ అని ఒకే పొడుగాటి పేజీ ఇవ్వకండి. పాకాల, రామప్ప, లక్నవరం దేనికదే పేజీ పెట్టించండి.

ఇంకా సెట్టింగులు చెప్పాలి గానీ, ముందు ఈ మాట చెప్పనివ్వండి. గడువు ముందురోజు రాత్రి ఏం జరుగుతోంది? ఒక అమ్మాయి అంతా వర్డ్‌లో టైపు చేసి ఒకేసారి వికీలో అతికిస్తుంది. పేజీ ముచ్చటగా ఉంటుంది. పేజీ చరిత్ర, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితా, తెరిస్తే ఒకటే మార్పు, ఒకటే పేరు! మనమేమో చరిత్ర తెరవం. నలుగురికీ 20కి 16 వేసేస్తాం. లాగిన్ కూడా కానివాడికీ 16 వేయడం అన్యాయం కాదా? మీరే చెప్పండి.

చరిత్ర తెరవండి. తెరిచాక అంకెలు చూసి మోసపోకండి. తెలుగు వికీపీడియాలో మార్పు పక్కన కనిపించే ప్లస్, మైనస్ అంకెలు బైట్లు (కంప్యూటర్ నిల్వ కొలత), అక్షరాలు కావు. ‘అమ్మ’ అని రాస్తే 12 బైట్లు: అ, మ, పొల్లు, మ, ఒక్కోటీ 3. ఇంగ్లిషులో నాలుగక్షరాల మాటకు 4 బైట్లే. ఇంగ్లిషు తరగతి కొలత తెలుగుకు పనికిరాదు. మైనస్ 900 కనబడితే చెడగొట్టాడనీ అనుకోకండి, రెండుసార్లు పడ్డ పేరా తీసేసి ఉండొచ్చు. మార్పు పక్కనున్న ‘తేడా’ తెరిచి, ఏది పోయిందో ఏది చేరిందో చదవండి.

పిల్లలు తోటివాళ్ల వాక్యం ముట్టుకోవడానికి జంకుతారు. ఆ జంకు పోవాలంటే వారానికి రెండు మార్పులు తప్పనిసరి చేయండి, అందులో ఒకటి పక్కవాళ్ల పేజీలో ఉండాలి. ఏదైనా తీసేసే ముందు కారణం చర్చ పేజీలో రాయాలి. గడువు నెలాఖరున ఒక్కటి కాదు, వారం వారం పెట్టండి. అప్పుడు ఒక్కరాత్రి అతికింపు దానంతటదే ఆగుతుంది.

తెలుగు వికీపీడియాలో రాయించేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి రోజుకు మామూలుగా 6 ఖాతాలే తెరవనిస్తారు. ఒకే ఐపీ మీద నడిచే ల్యాబులో 40 మందిని కూర్చోబెడితే ఏడోవాడి దగ్గరే ఆగిపోతుంది. ఖాతాలు ముందురోజే ఎవరింట్లో వాళ్లు తెరుచుకుని రమ్మనండి.