గట్టు ఎక్కడ వెయ్యాలి: ఒకే డిస్క్‌లో విండోస్ పక్కన లినక్స్

అందరికీ నమస్కారం. కావలి, కోవూరు, ఆత్మకూరు నుంచి కూడా లాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చారు. ఉపోద్ఘాతం లేకుండా పనిలోకి దిగుదాం.

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని మెషీన్లు మీలో చాలామంది దగ్గర ఉంటాయి. అలాగని విండోస్‌ను ఊడబెరికి పారెయ్యలేం. డీటీపీ చేసేవాళ్లకు పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు కావాలి, షాపు లెక్కలకు టాలీ కావాలి. అవి విండోస్‌లోనే సుఖంగా నడుస్తాయి. అందుకే రెండూ ఉంచుకుందాం: నెట్ పనికి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, ఆ పనులకు విండోస్.

లినక్స్ ఎక్కించడం అరగంట పని. ఆ అరగంటకు భయపడనక్కర్లేదు. ముప్పంతా దానికి ముందు చోటు చేసేటప్పుడు, తర్వాత ఇన్‌స్టాలర్‌కు ఆ చోటు చూపించేటప్పుడు.

సి డ్రైవ్, డి డ్రైవ్ అంటే రెండు డిస్కులని చాలామంది అనుకుంటారు. చాలా లాప్‌టాప్‌లలో అది ఒకే చేను, మధ్యలో గట్టు. ఎవరి చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసిన పట్టికే పార్టిషన్ టేబుల్, మన అడంగల్ లాంటిది. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పైరు మాయమవదు, ఇంకొకడు వచ్చి దున్నితేనే పోతుంది. అందుకని పొరపాటున పార్టిషన్ డిలీట్ చేస్తే అక్కడితో చెయ్యి ఆపండి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత టూల్‌తో ఆ ఎంట్రీ చాలాసార్లు తిరిగొస్తుంది. కంగారులో ఫార్మాట్ కొట్టారా, కష్టం. ఎస్ఎస్‌డీ అయితే ఖాళీ చేసిన చోటును నిజంగానే తుడిచేసే ట్రిమ్ నడిచి అసలుకే మోసం. కాబట్టి పిల్లల ఫోటోలు, టాలీ డేటా ముందే బయటి డిస్క్‌లోకి కాపీ చెయ్యండి. అదే డిస్క్‌లో డి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యడాన్ని బ్యాకప్ అనరు.

ఇక బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కొత్త లాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే సెట్టింగ్) మార్చినా, బూట్ వరస మార్చినా 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కీ లేకపోతే సి డ్రైవ్ తాళం వేసిన ఇల్లే. ముందు కీని కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపి, డీక్రిప్ట్ మొత్తం పూర్తయ్యేదాకా ఆగండి.

ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం హైబర్నేట్‌లో, అంటే తన స్థితిని డిస్క్‌లో దాచుకున్న నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి సి డ్రైవ్‌లో ఏమీ రాయనివ్వదు, బలవంతంగా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే చోట టిక్ తీసెయ్యండి.

ఇప్పుడు గట్టు. ఈ గట్టు విండోస్ చేతే వేయించండి, బయటి టూల్స్ వద్దు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. 500 జీబీ డిస్క్ 465 జీబీగా కనిపిస్తుంది, ఎవరూ దొంగిలించలేదు. కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది. కొత్త మెషీన్లలో మొదట 100 ఎంబీ లేదా ఇంకాస్త ఎక్కువ ఉండే చిన్న చెక్క ఈఎఫ్ఐ. రెండు సిస్టమ్‌ల బూట్ ఫైళ్లూ అందులోనే ఉంటాయి. దాన్ని ముట్టుకోకండి.

సి మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. ఇక్కడ వచ్చే బాక్స్‌ను ఒక్క నిమిషం పరికించి చూడండి. తగ్గించగలిగిన గరిష్ఠ అంకె అందులో ముందే నిండి ఉంటుంది. చూడకుండా ష్రింక్ నొక్కితే సి డ్రైవ్‌కు ఊపిరాడదు, తర్వాత విండోస్ అప్‌డేట్‌కు కూడా చోటుండదు. పైగా అడిగేది ఎంబీల్లో. 60 జీబీ కావాలంటే 60ని 1024తో గుణించి 61440 అని కొట్టాలి. ఉబుంటు 24.04 అనే లినక్స్ రకం కనీసం 25 జీబీ అడుగుతుంది, కానీ 25తో మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరగకముందే ఇరుక్కుంటారు. కనీసం 60 అనుకోండి.

సి డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీ ఉన్నా 10 జీబీకి మించి తగ్గనివ్వకపోవచ్చు. పేజ్ ఫైల్ (మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు కదలని బండల్లా మధ్యలో కూర్చుని ఉంటాయి, ష్రింక్ వాటిని దాటి పోలేదు. హైబర్నేషన్, పేజ్ ఫైల్, రీస్టోర్ పాయింట్లు చేసే సిస్టమ్ ప్రొటెక్షన్ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. పని అయ్యాక పేజ్ ఫైల్ తిరిగి పెట్టడం మరవకండి.

వచ్చిన చోటు నల్లగీతతో అన్‌అలొకేటెడ్ అని కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలెయ్యండి. ఊరికే ఉంది కదా అని న్యూ సింపుల్ వాల్యూమ్ నొక్కకండి. పార్టిషన్ టేబుల్ రెండు రకాలు: పాతది ఎంబీఆర్, కొత్తది జీపీటీ. పాత ఎంబీఆర్ డిస్కులకు నాలుగు ప్రైమరీ (ప్రధాన) పార్టిషన్ల పరిమితి ఉంది. కంపెనీవాడు నాలుగూ వాడేసి ఉంటే, అప్పుడు డైనమిక్ డిస్క్‌గా మార్చనా అని అడుగుతుంది. అవును అన్నారంటే లినక్స్ ఎక్కించడం తలనొప్పే. కొత్త జీపీటీ డిస్కుల్లో 128 దాకా వీలుంది, ఆ గొడవ లేదు. మీది ఏదో తెలియాలంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) మోడ్ చూడండి. యూఈఎఫ్ఐ అని ఉంటే జీపీటీ, లెగసీ అని ఉంటే దాదాపుగా ఎంబీఆర్.

8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి రూఫస్ అనే టూల్‌తో ఉబుంటు ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఎక్కించండి, పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది. విండోస్ ఏ మోడ్‌లో ఉందో పెన్ డ్రైవ్‌ను కూడా అదే మోడ్‌లో బూట్ చెయ్యాలి. బూట్ మెనూ తెరిచే కీ డెల్, లెనోవోలకు సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. ఇన్‌స్టాల్ చెయ్యకముందు లైవ్‌లోనే, అంటే పెన్ డ్రైవ్ నుంచి నడుస్తుండగానే వైఫై, సౌండ్ పలుకుతున్నాయో చూసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద మాత్రం మొదలుపెట్టకండి. పార్టిషన్ రాస్తుండగా కరెంటు పోవడానికి మించిన పీడ లేదు.

ఇన్‌స్టాలర్‌లో 'మొత్తం డిస్క్ చెరిపెయ్యి' అనే ఎంపిక ఒకటి ఉంటుంది. అది మాత్రం ఎంచుకోకండి. మాన్యువల్ తీసుకుని, 60 జీబీ ఖాళీ వరసను ఎంచుకోండి. ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైళ్ల పద్ధతి), మౌంట్ పాయింట్ (ఆ చెక్క లినక్స్‌లో కనిపించే చోటు) ఒక్క స్లాష్ (/). స్వాప్‌కు (లినక్స్ పేజ్ ఫైల్ లాంటిది) వేరే చెక్క అక్కర్లేదు, ఫైల్‌గా అదే పెట్టుకుంటుంది. ఈఎఫ్ఐ వరసలో ఫార్మాట్ టిక్ లేదని రెండుసార్లు చూడండి, ఆ టిక్ ఉంటే విండోస్ బూట్ పోయినట్టే. అసలు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే డిస్క్ మోడ్ ఆన్‌లో ఉండొచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మార్చాలి, కానీ ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌కు సెట్ చేశాకే. లేకపోతే విండోస్ నీలి తెర చూపిస్తుంది.

రెండూ ఎక్కాక ఒక వింత కనిపిస్తుంది. ఉదయం పదింటికి విండోస్ తెరిస్తే గడియారం నాలుగున్నర అంటుంది. లినక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది. అయిదున్నర గంటల తేడా అదే. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 (timedatectl set-local-rtc 1) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే సర్దుకుంటుంది. టైప్ చెయ్యడానికి ఆ లైను బోర్డు మీద రాస్తాను.

ఎప్పుడైనా లినక్స్ వద్దనుకుంటే, నేరుగా ఆ పార్టిషన్ డిలీట్ చెయ్యకండి. ఏ సిస్టమ్ లేపాలో అడిగే గ్రబ్ అనే బూట్ మెనూ తన ఫైళ్లు వెతుక్కుని దొరక్క నల్ల తెర మీద ఆగిపోతుంది. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ తనంతట తాను లేస్తోందని చూసుకుని, అప్పుడు డిలీట్ చేసి, సి మీద ఎక్స్‌టెండ్ నొక్కండి. ఖాళీ చోటు సికి సరిగ్గా కుడి పక్కనే ఉంది కాబట్టి కలిసిపోతుంది. పాత లెగసీ మెషీన్లలో అలా కుదరదు, విండోస్ పెన్ డ్రైవ్‌తో బూట్ రిపేర్ చెయ్యాలి. అలాంటి మెషీన్ ఉన్నవాళ్లు ఆ పెన్ డ్రైవ్ ఈరోజే చేసి పెట్టుకోండి. ఇక ముందు వరసలోవాళ్లు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ష్రింక్ మాత్రం నేను వచ్చి బాక్స్‌లో అంకె చూసేదాకా నొక్కకండి.