బొమ్మ టీవీకి చేరేలోపు ప్రాసెసర్ ఏం చేస్తుంది

అందరికీ నమస్కారం.

హోం థియేటర్ అనగానే మనవాళ్లు మొదట స్పీకర్ల గురించే అడుగుతారు. ఏ కంపెనీ, ఎన్ని వాట్లు, అట్మాస్‌కి సీలింగ్‌లో ఎన్ని పెట్టాలి, ఇవే ప్రశ్నలు. ఈరోజు వాటి జోలికి పోను. ప్లేయర్‌కీ టీవీకీ మధ్య ఉండి స్పీకర్లకు సౌండ్ ఇచ్చే పెట్టెని రిసీవర్ అనండి, ప్రాసెసర్ అనండి, దాని గుండా బొమ్మ ఎలా వెళ్తుందో చెబుతాను. లక్షలు పోసి కొన్నాక "హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా కనిపించే బొమ్మ) రావట్లేదు", "తెర నల్లగా అయిపోయి మళ్లీ వస్తోంది" అని టెన్షన్ పడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. చాలాసార్లు ఏ వస్తువూ పాడై ఉండదు.

హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మ ప్లేయర్ నుంచి టీవీకి వెళ్తుంది. కానీ అంతకంటే ముందు టీవీ నుంచి కొంత సమాచారం వెనక్కి రావాలి. కేబుల్ పెట్టగానే ప్లేయర్ 5 వోల్టులు పంపుతుంది. టీవీ తాను ఉన్నానని హాట్ ప్లగ్ పిన్ను ద్వారా తెలియజేస్తుంది. అప్పుడు ప్లేయర్ టీవీలో ఉన్న ఈడీఐడీ అనే చిట్టా చదువుతుంది. మామూలుగా 256 బైట్లు, అంతే. ఏ రిజల్యూషన్ చూపించగలదు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, హెచ్‌డీఆర్ ఉందా, ఎలాంటి సౌండ్ తీసుకుంటుంది, అన్నీ అందులోనే ఉంటాయి. ఏం పంపాలో ప్లేయర్ దాన్ని చూసే తేల్చుకుంటుంది.

మధ్యలో ప్రాసెసర్ ఉంటే ప్లేయర్‌కి కనిపించేది ప్రాసెసర్ రాసిచ్చిన చిట్టా. పెళ్లి సంబంధంలో మధ్యవర్తి పని అన్నమాట. టీవీ చిట్టాలోని బొమ్మ వివరాలు తీసుకుంటుంది, సౌండ్ దగ్గర తన సామర్థ్యం రాస్తుంది, తాను మోయలేనివి కొట్టేస్తుంది. మీ టీవీ ఎంత ఖరీదైనదైనా మధ్యవర్తి చెప్పని గుణం అవతలివాళ్లకు తెలియదు. రిసీవర్ పాతదై డాల్బీ విజన్ అనే మెరుగైన హెచ్‌డీఆర్‌ని పంపలేకపోతే, ప్లేయర్‌లోనూ టీవీలోనూ అది ఉన్నా మీకు మామూలు హెచ్‌డీఆర్10 బొమ్మే వస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 4కే టీవీ, హెచ్‌డీఎంఐ 2.0 రిసీవర్, ఒక స్ట్రీమింగ్ బాక్స్. సినిమా పెట్టి రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కారు. తెర మీద 4కే, 60 హెర్ట్జ్, 4:2:0, 8 బిట్ అని వచ్చింది (4:2:0 అంటే రంగు వివరం ఎంత వస్తోందో, 8 బిట్ అంటే ఒక్కో రంగుకి ఎన్ని మెట్లో చెప్పే అంకెలు). హెచ్‌డీఆర్ మాటే లేదు. కారణం ఎక్కడో లోపలి మెనూలో ఉంటుంది. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక్కో సెట్టింగ్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. అది ఆఫ్‌లో ఉన్నంతసేపూ టీవీ తన పాతకాలపు చిట్టానే బయటికి చూపిస్తుంది. రిసీవర్లోనూ 4కే సిగ్నల్ ఫార్మాట్ అని ఇలాంటిదే ఇంకొకటి ఉంటుంది. రెండూ ఆన్ చేస్తే తప్ప పూర్తి సిగ్నల్ రాదు. చేశాక మళ్లీ ఇన్ఫో నొక్కండి. 4:2:2, హెచ్‌డీఆర్ అని కనిపించిందంటే పని అయినట్టే.

4:2:2 అని చూసి రంగు తగ్గిపోయిందని కంగారు పడేవాళ్లున్నారు. లెక్క చూడండి. 4కే 60 ఫ్రేములు, 8 బిట్, పూర్తి రంగుతో పంపాలంటే సెకనుకు 17.82 గిగాబిట్లు కావాలి. హెచ్‌డీఎంఐ 2.0 మోసేది 18. హెచ్‌డీఆర్‌కి 10 బిట్లు కావాలి, అప్పుడు లెక్క 22 దాటిపోతుంది, కేబుల్లో పట్టదు. అందుకే ప్రతి పిక్సెల్‌కీ వెలుగు పంపి, రంగు మాత్రం ఒకటి విడిచి ఒకదానికి పంపుతారు. డిస్కులోనూ స్ట్రీమింగ్‌లోనూ సినిమా 4:2:0లోనే భద్రపరిచి ఉంటుంది కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. పైగా సినిమా తీసేది 24 ఫ్రేముల్లో. మన తెలుగు సినిమా కూడా అంతే. బాక్స్‌లో ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ పెట్టుకుంటే బ్యాండ్‌విడ్త్ ఇబ్బందే ఉండదు. కెమెరా పక్కకు తిరిగినప్పుడు కనిపించే కుదుపు కూడా తగ్గుతుంది.

టీవీ, ప్రొజెక్టర్ రెండూ ఒకే రిసీవర్‌కి కలిపినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. రెండు అవుట్‌పుట్లూ ఒకేసారి ఆన్‌లో ఉంటే రిసీవర్ రెండింటికీ కుదిరేదే ఎంచుకుంటుంది. ప్రొజెక్టర్ 1080పీ అయితే పక్కనున్న 4కే టీవీకీ 1080పీనే వెళ్తుంది. చూసేటప్పుడు ఒక్క అవుట్‌పుట్‌నే ఎంచుకోండి.

రిసీవర్లో ఉండే అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్ బొమ్మని 4కేకి పెంచడం) గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆపేయండి. ఇప్పటి మంచి టీవీలు ఆ పని బాగానే చేస్తున్నాయి. వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టు దాటించే ప్రాసెసరే నా దృష్టిలో మంచి ప్రాసెసర్.

కాపీ రక్షణ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 4కే సినిమాలకు దారిలోని ప్రతి పెట్టెలోనూ హెచ్‌డీసీపీ 2.2 అనే రక్షణ పద్ధతి ఉండాలి. ఒక్కదానిలో లేకపోయినా బొమ్మ 1080పీకి పడిపోతుంది, లేదా అసలు రాదు.

ఇల్లు కడుతున్నవాళ్లు కేబుల్ విషయంలో జాగ్రత్త. తెల్లటి చుక్కలు మెరవడం, తెర క్షణం పాటు నల్లబడటం, ఇవి చాలావరకు కేబుల్ లక్షణాలే. 18 గిగాబిట్లకి మామూలు రాగి కేబుల్‌ని ఐదారు మీటర్లు దాటితే నమ్మలేం. ప్రొజెక్టర్ దూరంగా ఉంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి. దానికి ప్లేయర్ వైపు, తెర వైపు అని రెండు కొసలు వేరుగా ఉంటాయి, తిరగేస్తే పనిచేయదు. అన్నిటికంటే ముఖ్యంగా, కేబుల్‌ని గోడలో పూడ్చేయకండి. రేపు మార్చుకునేలా ప్లగ్గు పట్టేంత వెడల్పు పైపు వేయించండి.

చివరగా పాత రిసీవర్ ఉన్నవాళ్లకు. 2020లో హెచ్‌డీఎంఐ 2.1 పేరుతో వచ్చిన మొదటి విడత రిసీవర్లలో కూడా కొన్నిటిలో చిప్ లోపం బయటపడింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ నుంచి 4కే బొమ్మని సెకనుకు 120 ఫ్రేములతో పంపితే తెర నల్లగానే ఉండిపోయేది. గేమ్ బాక్స్‌ని నేరుగా టీవీకి పెట్టి, సౌండ్‌ని ఈఆర్క్ (టీవీ నుంచి సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్లోనే వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవర్‌కి తెచ్చుకోవడం అప్పుడు చాలామందికి పనికొచ్చింది. మీ రిసీవర్లో, టీవీలో ఈఆర్క్ ఉంటే మీరూ అదే చేయొచ్చు. రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్లున్న డిస్క్ ప్లేయర్ అయితే ఇంకా సులువు: ఒకటి టీవీకి, ఒకటి రిసీవర్‌కి. ఆంప్లిఫయర్ బాగున్న పెట్టెని బొమ్మ కోసం అమ్మేయక్కర్లేదు.

ఇక మీ ఇంట్లో ఏ పెట్టె దేనికి కలిపారో చెప్పి అడగండి.