తాడు లాగితేనే తెలిసే గాలి

శ్రోతలకు నమస్కారం.

శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు కొన్ని నాణేల మీద ఓడ బొమ్మ ఉంటుంది. రెండు తెరచాప కొయ్యల ఓడ. దాదాపు 1,800 ఏళ్ల కిందటి మాట. మన తీరంలో జనం చేతులు మారిన డబ్బు మీదే ఓడ ఉందంటే, అప్పటివాళ్ల బతుకులో సముద్రం అంత దగ్గరగా ఉండేదన్నమాట.

ఆ తెరచాప మన నౌకాదళంలో ఇంకా ఎగురుతోంది. కొత్త అధికారులకి శిక్షణనిచ్చే ఆ తెరచాప ఓడ పేరు ఐఎన్‌ఎస్ తరంగిణి. గోవా షిప్‌యార్డులో కట్టారు, 1997 నవంబరులో నౌకాదళంలో చేరింది. మూడు కొయ్యలు, 20 తెరచాపలు. నిఘంటువు చూస్తే తరంగిణి అంటే నది. సముద్రం మీద తిరిగే ఓడకి నది పేరు! నాకైతే ఎంతో ఇష్టమైన పేరు.

రాడార్లు, ఉపగ్రహాలు ఉన్న ఈ రోజుల్లో కొత్త అధికారులకి తెరచాప ఓడ మీద శిక్షణ ఎందుకు? దీనికీ ఇంజన్లున్నాయి. కానీ పాఠం మాత్రం గాలిదే. తాళ్ల నిచ్చెన పట్టుకుని కొయ్య పైకెక్కాలి. కాళ్ల కింద ఒక్క తాడు, ఎదురుగా బరువైన గుడ్డ, కింద ఊగే ఓడ. ఎంత టెన్షన్ ఉన్నా పక్కవాడితో కలిసి తెరచాప చుట్టాలి. గాలి ఎదురైతే ఓడ నేరుగా పోలేదు, ఓసారి కుడికీ ఓసారి ఎడమకీ వాలుగా సాగాలి. అలా మలుపు తిప్పేటప్పుడు అందరూ ఒక్కసారే తాళ్లు లాగాలి. ఒక జట్టు ఆలస్యమైనా మలుపు చెడుతుంది. గాలికి హోదాలు తెలియవు. ఇది తరగతి గదిలో ఎంత చెప్పినా ఎక్కదని నా నమ్మకం.

2003లో కొచ్చి నుంచి బయలుదేరిన తరంగిణి, భూమిని చుట్టి 2004లో తిరిగొచ్చింది.

తర్వాత మన ఇళ్ల నుంచే ఇద్దరు ఆ దారి పట్టారు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. 2017 సెప్టెంబరులో, మొత్తం ఆరుగురు మహిళా అధికారుల జట్టుతో ఐఎన్‌ఎస్‌వి తారిణి ఎక్కారు. అది 55 అడుగుల తెరచాప పడవ. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటారు. నావికులు తరతరాలుగా భయపడే చోటది. 2018 మే 21న గోవాలో దిగారు. మొత్తం 254 రోజులు.