పలక పట్టకముందే మాట

శ్రోతలకు నమస్కారం.

జూన్‌లో బడులు తెరవగానే మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో తల్లిదండ్రులు పంతులును అడిగే మొదటి ప్రశ్న, మా బిడ్డకు ఎన్ని అక్షరాలు వచ్చినయని. ఎన్ని మాటలు వచ్చాయని అడిగేవారు తక్కువ, సొంతంగా ఒక వాక్యం చెప్పగలుగుతున్నదా అని అడిగేవారు ఇంకా తక్కువ. అక్షరాలు రావలసిందే, అందులో సందేహం లేదు. అయితే గుణింతాలన్నీ నోటుబుక్కు నిండా ముత్యాల్లా దించిన పిల్లవాడు, బోర్డు మీద లేని ఒక్క వాక్యం రాయమనగానే పెన్సిలు కొరుకుతూ కూర్చోవడం ఉపాధ్యాయులకు తెలియని సంగతి కాదు. చూచిరాత వల్ల చేయి తిరుగుతుంది, కానీ చెప్పవలసిన మాట నోట్లో సిద్ధంగా లేనప్పుడు ఆ తిరిగిన చేయి కూడా ఆగిపోతుంది.

ఆ మాట ఎక్కడ తయారవుతుందో చూద్దాం. ఒక అవ్వ వాకిట్లో కూర్చొని పల్లికాయలు ఒలుస్తున్నది, పక్కన నాలుగేళ్ల మనుమరాలు ఉన్నది. పిల్ల "పురుగు" అన్నది. "అవు బిడ్డా, గింజల పురుగున్నది. ఏం జేస్తున్నది?" అని అవ్వ అడిగింది. "పాకుతున్నది" అని పిల్ల చెప్పింది. "తెల్ల పురుగు గింజలకెళ్లి బయటికి పాకుతున్నదా?" అని అవ్వ మళ్లీ అడిగితే, పిల్ల తల ఊపి, ఆ వాక్యంలో సగాన్ని తన నోటితో తిరిగి అన్నది. పిల్ల ఇచ్చిన ఒక్క మాటకు అవ్వ రంగును, చోటును, కదలికను చేర్చి వాక్యంగా తిరిగి ఇచ్చింది. అవ్వకు చదువు రాకపోవచ్చు, కానీ ఆమె చేసినది పాఠమే. పనుల కోసం అమ్మానాన్నలు వలస వెళ్లి, పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరిగే పాలమూరు ఇళ్లలో ఈ పాఠం విలువ మరీ ఎక్కువ.

పదజాలం అనగానే మనం గోడకు అంటించే బొమ్మల చార్టు వైపు చూస్తాం. అందులో 'ఓ' పక్కన ఓడ ఉంటుంది. కృష్ణా నదిలో గుండ్రటి పుట్టి పడవ మీద చేపలు పట్టేవారిని చూసిన పిల్లవాడికి ఆ ఓడ ఎప్పటికీ బొమ్మే. అది ఉండకూడదని నేననడం లేదు, పుట్టి కూడా ఉండాలంటున్నాను. అంతకంటే పెద్ద లోటు, చార్టులో ఉండేవన్నీ వస్తువుల పేర్లే కావడం. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కనుక, పనిని చెప్పే మాటలు లేని పిల్లవాడు వాక్యాన్ని ముగించలేడు. ఒలవడం, చెరగడం, ఏరడం, నానబెట్టడం, ఆరబోయడం, ఇవన్నీ మన ఇళ్లలో రోజూ జరిగేవే. పని చేస్తూ దాని పేరు పలికితే చాలు.

వాక్యం కట్టించడం కూడా క్రియతోనే మొదలుపెట్టవచ్చు. 'ఏరింది' అని పలక మీద రాసి, ఎవరు అని అడగండి. అమ్మ. ఏమి ఏరింది? పత్తి. ఎక్కడ? చేనులో. ఎప్పుడు? నిన్న. "అమ్మ నిన్న చేనులో పత్తి ఏరింది" అనే వాక్యాన్ని పిల్లవాడే కట్టుకున్నాడు. రాయకముందు దాన్ని పూర్తిగా ఒకసారి పలకాలి, ఒక్కో మాటకు ఒక్కో వేలు ముడవాలి. ఐదు వేళ్లు, ఐదు మాటలు. మాటల మధ్య ఎడం వదలకుండా గొలుసులా రాసే అలవాటు ఈ వేళ్ల లెక్కతో చాలావరకు పోతుంది.

లంబాడీ తండాల నుంచి వచ్చే పిల్లల సంగతి కొంత వేరు. వారి ఇంటి భాష గోర్ బోలీ ఇండో-ఆర్య కుటుంబానికి చెందినది, తెలుగు ద్రావిడ భాష. అందుకే తెలుగు విభక్తులు, క్రియల చివరలు వారికి కొత్తగా ఉంటాయి. వీలున్నచోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ పిల్లవాడిని ముందు తన భాషలో చెప్పనిచ్చి, తర్వాత అదే విషయాన్ని తెలుగులో కట్టించడం ఏ ఉపాధ్యాయుడైనా చేయగల పని. మూడో తరగతికల్లా పిల్లలకు చదవడం, రాయడం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని తెచ్చింది, ప్రాథమిక తరగతుల పిల్లల కోసం మన రాష్ట్రం 2022లో తొలిమెట్టు కార్యక్రమాన్ని తెచ్చింది. బడిలోని ఆ మొదటి మూడేళ్లలో తరగతి గదిలో ఎక్కువగా మాట్లాడేది పంతులా, పిల్లలా అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

ఇక దిద్దడం గురించి. పిల్లవాడు 'ఇల్లులో మేక ఉంది' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేయకండి. ఇల్లు అనే మాట నేర్చాడు, 'లో' చేర్చాలని గ్రహించాడు, నియమం అతనికి తెలిసింది. మేక యాడున్నదని నోటితో అడగండి. "ఇంట్ల" అని ఠక్కున అంటాడు, అప్పుడు తాను రాసినది తనకే వింతగా వినిపిస్తుంది. 'ఇంట్ల' అని రాసినా మొదటి తరగతిలో ఉండనివ్వండి. పుస్తకం బిగ్గరగా చదివి వినిపించేటప్పుడు 'ఇంట్లో' ఎలాగూ చెవిన పడుతుంది. ఒక వాక్యంలో నాలుగు తప్పులుంటే ఆ రోజుకు ఒక్కటే దిద్దండి, దిద్దిన తర్వాత ఆ వాక్యాన్ని ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి రమ్మని చెప్పండి.